కాలేజీ లైబ్రరీ ఈ-వనరులు, వెబ్‌సైట్: సిబ్బంది ఒక్కరే ఉన్నా నడిపేదెలా?

"ఎన్-లిస్ట్ పాస్‌వర్డ్ రాలేదు సార్." "లింకు కాలేజీలో తెరుచుకుంటోంది, ఇంట్లో తెరుచుకోవడం లేదు మేడమ్." "ఎక్సెల్ ఎక్కిస్తే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోయాయి." డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్లు ఏటా అడిగేవి ఇంచుమించు ఇవే. (ఎన్-లిస్ట్ అంటే కాలేజీలకు ఈ-జర్నళ్లు, ఈ-పుస్తకాలు అందించే జాతీయ పథకం.) అందుకే మొదటి నుంచి చివరి దాకా వరసగా రాస్తున్నాం. ఆంధ్ర, తెలంగాణల్లోని మామూలు డిగ్రీ కాలేజీని దృష్టిలో పెట్టుకున్నాం. ఒక లైబ్రేరియన్, మహా అయితే ఒక అటెండరు, విడిగా ఐటీ మనిషి లేడు.

పని పొడవునా ఒక్క పరీక్ష గుర్తుంచుకోండి. మొదటి సంవత్సరం విద్యార్థి రాత్రి ఇంటి దగ్గర, మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌లో, మొబైల్ డేటా మీద మీ పేజీ తెరిచి, ఎవరినీ అడగకుండా తనకు కావలసింది తెరవగలగాలి. మీ టేబుల్ మీది కంప్యూటర్‌లో తెరుచుకుంది కాబట్టి అందరికీ తెరుచుకుంటుందనుకుంటే మోసపోతారు.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- లైబ్రరీ పేరున కాలేజీ డొమైన్ మీద ఒక ఈమెయిల్. సొంత జీమెయిల్ వద్దు. మీకు బదిలీ అయితే అడ్మిన్ హక్కులన్నీ మీతోపాటే వెళ్లిపోతాయి, తర్వాత వచ్చినవాళ్లు పాస్‌వర్డ్ కోసం మీకు ఫోన్లు చేస్తూనే ఉంటారు.
- యూజీసీ చట్టంలోని 2(ఎఫ్) (కాలేజీగా గుర్తింపు), 12(బి) (కేంద్ర నిధులకు అర్హత) సెక్షన్ల కింది గుర్తింపు పత్రాల స్కాన్ కాపీలు, కాలేజీ ఐషే (ఉన్నత విద్యపై కేంద్రం చేసే సర్వే) కోడ్.
- ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ నుంచి స్టాటిక్ ఐపీ (ఎప్పుడూ మారని ఇంటర్నెట్ చిరునామా) ఉందో లేదో రాతపూర్వకంగా. నోటిమాట చాలదు.
- వైఫై ఆపేసి వాడటానికి ఒక సాధారణ ఫోన్.
- కాలేజీ వెబ్‌సైట్ డొమైన్ ఎవరి చేతిలో ఉందన్న సమాచారం. ఏసీ డాట్ ఇన్, ఈడీయూ డాట్ ఇన్ డొమైన్లు కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎర్నెట్ ఇండియా దగ్గరే రిజిస్టర్ అవుతాయి. లాగిన్ ఎవరి దగ్గరుందో, రెన్యువల్ తేదీ ఎప్పుడో ఈరోజే కనుక్కోండి. చాలా కాలేజీల్లో అది ఎప్పుడో సైట్ చేసిపెట్టి వెళ్లిపోయిన కుర్రాడి దగ్గర ఉంటుంది.

1. రిజిస్టర్ తెరవండి

పుస్తకాలకు యాక్సెషన్ రిజిస్టర్ (వచ్చిన ప్రతి పుస్తకాన్నీ రాసుకునే పద్దు) ఎలాగో, ఈ-వనరులకూ అలాగే ఒకటి ఉండాలి. ఎక్సెల్ షీటు సరిపోతుంది. నిలువు వరసలు ఇవి: వనరు పేరు, ఇచ్చే సంస్థ, కట్టిన సొమ్ము, బిల్లు నంబరు, మొదలైన తేదీ, గడువు తేదీ, ప్రవేశం ఎలా (ఐపీనా, యూజర్ ఐడీనా, ఉచితమా), అడ్మిన్ ఈమెయిల్ ఏది, సాయం కోసం ఎవరికి రాయాలి, చివరిసారి తెరిచి చూసిన తేదీ. ఈ ఆఖరి వరసను చాలామంది పెట్టరు. నిజానికి ఎక్కువ పనికొచ్చేది అదే.

పాస్‌వర్డ్‌లు ఈ షీటులో రాయకండి. బిట్‌వార్డెన్, కీపాస్ లాంటి ఉచిత పాస్‌వర్డ్ మేనేజర్‌లో పెట్టండి. దాని ప్రధాన పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి, సీలు వేసిన కవరులో ప్రిన్సిపాల్ బీరువాలో ఉంచండి.

గడువు తేదీకి 60 రోజుల ముందు ఫోన్ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ఫైలు ఆఫీసు నుంచి ప్రిన్సిపాల్ దగ్గరికి, అక్కడి నుంచి అకౌంట్స్‌కు, మళ్లీ సంతకానికి తిరగడానికి నెల పడుతుంది. 15 రోజుల ముందు మొదలుపెడితే సేవ మధ్యలో ఆగిపోవడం ఖాయం.

2. ఏవి తీసుకోవాలి, ఏవి వదలాలి

ముందు ప్రభుత్వం ఇచ్చేవి, తర్వాత ఉచితమైనవి, చివర్లో కొనేవి. వరస తప్పితే డబ్బు వృథా.

ఎన్-లిస్ట్: గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం కాలేజీల కోసం నడుపుతోంది. 6 వేలకు పైగా ఈ-జర్నళ్లు, లక్షన్నరకు మించి ఈ-పుస్తకాలు. 2(ఎఫ్), 12(బి) కింద ఉన్న ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీలకు ఏడాది రుసుము తక్కువ, అన్ఎయిడెడ్ కాలేజీలకు దానికి కొన్ని రెట్లు. ఏ ఏడాదికి ఆ ఏడాది రుసుమూ, పుస్తకాల జాబితా రెండూ మారవచ్చు. పాత బిల్లు చూసి డీడీ తీయకండి, రిజిస్ట్రేషన్ పేజీలో ఉన్న మొత్తమే కట్టండి.

వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్: 2025 జనవరి 1న మొదలైంది. 30 ప్రచురణ సంస్థల 13 వేల చిల్లర జర్నళ్లు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు నడిపే ఉన్నత విద్యాసంస్థల కోసం పెట్టినది. మీది ప్రభుత్వ డిగ్రీ కాలేజీ అయితే ముందు ఇందులో నమోదయ్యారో లేదో చూసుకోండి. ఇందులో ఉన్న జర్నల్‌నే విడిగా కొంటూ ఉంటే ఆ చందా ఆపేయండి.

ఉచితమైనవి: ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ, పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల కోసం శోధ్‌గంగ, పీజీ పాఠాలకు ఈ-పీజీ పాఠశాల, వీడియో పాఠాలకు స్వయం, ఎన్‌పీటెల్, ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగల) జర్నళ్లకు డీఓఏజే. తెలుగు విభాగం కోసం తెలుగు వికీసోర్స్, నిఘంటువులన్నీ ఒకేచోట వెతికిపెట్టే ఆంధ్రభారతి, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్న డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు. ఈ చివరిదానిలో పుస్తకాల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఇష్టమొచ్చిన స్పెల్లింగుతో ఉంటాయి. తెలుగులో వెతికితే చాలా పుస్తకాలు దొరకవు. "చరిత్ర" కోసం మూడు నాలుగు రకాల స్పెల్లింగులతో ప్రయత్నించాలి. సిలబస్‌లో ఉన్న పుస్తకాలకు మీరే ఒకసారి వెతికి నేరుగా లింకులు ఇస్తే తెలుగు శాఖ వాళ్లకు ఎంతో మేలు.

జాగ్రత్త: "పదివేల జర్నళ్లు, ఏడాదికి ఇంతే" అంటూ ఏజెంట్లు వస్తారు. సంతకం పెట్టేముందు జర్నళ్ల పేర్ల జాబితాను ఎక్సెల్‌లో ఇమ్మనండి. అందులోంచి అక్కడో ఇరవై, ఇక్కడో ఇరవై ఏరి డీఓఏజేలో వెతకండి. ఎక్కువ భాగం అక్కడే కనిపిస్తే, ఎవరైనా ఉచితంగా చదవగలిగే వాటికి మీరు డబ్బు కడుతున్నట్టు. జాబితా ఇవ్వడానికే వెనకాడితే ఆ బేరం అక్కడితో ముగించండి.

మరో మాట. మీ సైట్‌లో ఇంకా యూజీసీ-కేర్ (యూజీసీ ఆమోదించిన) జర్నళ్ల జాబితాకు లింకు ఉంటే తీసేయండి. ఆ జాబితాను నిలిపివేసినట్టు యూజీసీ 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. పాత లింకు చూసి అధ్యాపకులు పొరపాటు నిర్ణయాలు తీసుకుంటారు.

3. యూజర్ ఖాతాలు: ఎక్కువ తలనొప్పి ఇక్కడే

ఎన్-లిస్ట్‌లో కాలేజీకి ఒక అడ్మిన్ లాగిన్ వస్తుంది. ఆ తర్వాత ఒక్కో విద్యార్థికీ, అధ్యాపకుడికీ విడిగా ఖాతా సృష్టించాలి. వివరాలను ఎక్సెల్ ఫైలులో నింపి ఎక్కిస్తే పాస్‌వర్డ్ వాళ్ల ఈమెయిల్‌కు వెళుతుంది. వినడానికి సులువే, తేడా వచ్చేదంతా ఈమెయిల్ దగ్గర.

కాగితం మీద ఈమెయిల్ రాయించకండి. సున్నాకూ "ఓ" అక్షరానికీ, ఒకటికీ "ఎల్" అక్షరానికీ తేడా చేతిరాతలో తెలియదు. గూగుల్ ఫారం పెట్టండి. అందులో "ఈమెయిల్ చిరునామాలు సేకరించు" అన్న సెట్టింగులో "వెరిఫైడ్" ఎంచుకుంటే, విద్యార్థి లాగిన్ అయి ఉన్న ఈమెయిలే నేరుగా వచ్చి పడుతుంది. టైపు చేసే పని ఉండదు, తప్పు పడే వీలూ ఉండదు. ఇంటర్నెట్ సెంటర్ వాడి జీమెయిల్‌తో అడ్మిషన్ దరఖాస్తు పెట్టిన పిల్లలు చాలామంది ఉంటారు. అడ్మిషన్ రికార్డులోని ఈమెయిల్‌ను నమ్ముకుంటే సగం పాస్‌వర్డ్‌లు ఆ సెంటర్‌కే వెళతాయి.

ఎక్కించే ముందు ఎక్సెల్‌లో చూడవలసినవి:

- ఈమెయిల్‌కు ముందూ వెనకా ఖాళీ ఉందా? ట్రిమ్ ఫార్ములాతో తీసేయండి. కంటికి కనిపించదు కానీ ఖాతా తయారవదు.
- ఒకే ఈమెయిల్ రెండుసార్లు ఉందా? అన్నదమ్ములు, అక్కాచెల్లెళ్లు ఒకే ఈమెయిల్ ఇస్తుంటారు. డూప్లికేట్లను రంగుతో గుర్తించే సౌకర్యం ఎక్సెల్‌లోనే ఉంది.
- శీర్షికల వరస మార్చారా? వాళ్లిచ్చిన నమూనా ఫైలులో ఉన్న పేర్లు, క్రమం ఉన్నవి ఉన్నట్టే ఉంచాలి.
- మొదటిసారే 600 మందిని ఎక్కించకండి. ఐదుగురితో ప్రయత్నించండి. ఆ ఐదుగురూ ఫోన్‌లో లాగిన్ అయ్యాకే మిగతావాళ్లు.

పాస్‌వర్డ్ రాలేదన్నవాళ్లను ముందు స్పామ్ ఫోల్డర్ చూడమనండి. అక్కడా లేకపోతే అడ్మిన్ పేజీలో వాళ్ల ఈమెయిల్ ఎలా పడిందో చూడండి, "జీమెయిల్" స్పెల్లింగులోనే తప్పు ఉండవచ్చు. అదీ సరిగ్గానే ఉంటే "పాస్‌వర్డ్ మర్చిపోయాను" లింకు వాడించండి. ఈ మూడూ దాటాక కూడా రాకపోతే అప్పుడు ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు రాయండి.

ఏటా మే నెలలో చదువు ముగించిన బ్యాచ్ ఖాతాలను తొలగించాలి. బద్ధకిస్తే వాళ్లలో ఎవరో ఐడీ బయటివాళ్లకు ఇస్తారు. ఎవరైనా సాఫ్ట్‌వేర్ పెట్టి ఒక్కసారిగా వందల వ్యాసాలు దింపుకుంటే ప్రచురణ సంస్థ ఆ కాలేజీకంతటికీ తలుపు మూసేస్తుంది. మళ్లీ తెరిపించడానికి సంజాయిషీ రాయాల్సింది మీరే. విద్యార్థులకు చెప్పే మొదటి మాట ఇదే కావాలి: కావలసిన వ్యాసం దింపుకోండి, సంచిక మొత్తం దింపకండి, పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి.

4. ఐపీ చిరునామా గొడవ

కొన్ని వనరులు యూజర్ ఐడీ అడగవు, కాలేజీ ఐపీ చూసి లోపలికి పంపుతాయి. ఫారంలో ఐపీ రాయమన్నప్పుడు చాలామంది కంప్యూటర్ సెట్టింగుల్లో కనిపించే నంబరు రాసేస్తారు. అది 192.168తోనో, 10తోనో, 172.16 నుంచి 172.31 మధ్యలోనో మొదలైతే అది మీ భవనం లోపలి నంబరు. దేశంలో లక్షల ఆఫీసుల్లో అదే నంబరు ఉంటుంది. ప్రచురణ సంస్థకు అది దేనికీ పనికిరాదు.

సరైనది తెలుసుకునేదిలా: కాలేజీ నెట్‌కు కలిపిన కంప్యూటర్‌లో గూగుల్ తెరిచి "నా ఐపీ ఏమిటి" అని ఇంగ్లిష్‌లో అడగండి. ఏదో ఒక సైట్ చూపించే నంబరు రాసుకోండి. రౌటర్ ఆపి, పది నిమిషాలాగి, మళ్లీ పెట్టి చూడండి. నంబరు మారితే అది స్టాటిక్ కాదు. రౌటర్ సెట్టింగుల్లో బయటి చిరునామాగా 100.64 నుంచి 100.127 మధ్య నంబరు కనిపిస్తే, కంపెనీ ఒకే చిరునామాను చాలామంది ఖాతాదారులకు పంచుతోందని అర్థం. దాన్ని నమోదు చేయించినా లాభం లేదు, స్టాటిక్ ఐపీ విడిగా అడగాలి, దానికి విడిగా డబ్బు కట్టాలి. కాలేజీకి రెండు కనెక్షన్లు ఉంటే రెండు ఐపీలూ ఇవ్వండి. లేకపోతే లైబ్రరీలో తెరుచుకున్నది కంప్యూటర్ ల్యాబ్‌లో తెరుచుకోదు.

ఐపీ మీద నడిచేది ఇంట్లో తెరుచుకోదు. దానికి ప్రాక్సీ సర్వర్ (బయటున్నవాళ్లను కాలేజీ ఐపీ మీదుగా పంపే కంప్యూటర్) కావాలి, లేదా ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ఇన్‌ఫెడ్ లాంటి ఒకే లాగిన్ వ్యవస్థ కావాలి. చిన్న కాలేజీలు సొంతంగా ప్రాక్సీ సర్వర్ పెట్టుకోవడం అనవసరం. దాన్ని చూసుకునే మనిషి లేకపోతే అది దొంగలకు తెరిచిన కిటికీ. వీలైనచోటల్లా ఇన్‌ఫెడ్ దారినే అడగండి.

5. వెబ్‌సైట్: ఐదు పేజీలు చాలు

ఎక్కడ కట్టాలి? మూడు దారులు.

- గూగుల్ సైట్స్: ఉచితం, అప్‌డేట్లు మీరు చూసుకోనక్కర్లేదు, ఫోన్‌లో చక్కగా కనిపిస్తుంది. ఒక్క మనిషి నడిపే లైబ్రరీకి ఇదే సరైనది.
- వర్డ్‌ప్రెస్: అందం, సౌకర్యం ఎక్కువ. అయితే నెలకోసారైనా థీమ్‌లు, ప్లగిన్లు అప్‌డేట్ చేసే మనిషి ఉండాలి. లేకపోతే ఆరు నెలల్లో ఎవరో చొరబడి జూదం లింకులు దాచిపెడతారు.
- కాలేజీ సైట్‌లోనే ఒక పేజీ: తెలంగాణలో చాలా ప్రభుత్వ డిగ్రీ కాలేజీల సైట్లు సీజీజీ (రాష్ట్ర సుపరిపాలన కేంద్రం) వేదిక మీద ఉంటాయి. అక్కడ మీకు దొరికే స్వేచ్ఛ తక్కువ. కాలేజీ సైట్‌లోని "లైబ్రరీ" బటన్ నుంచి మీ గూగుల్ సైట్‌కు లింకు ఇప్పించండి, సరిపోతుంది.

మొదటి పేజీలో పైన, స్క్రోల్ చేయకుండానే కనిపించాల్సినవి: పుస్తకం వెతికే పెట్టె, "ఇంటి నుంచి లాగిన్" బటన్, పాత ప్రశ్నపత్రాలు, వేళలు, ఫోన్ లేదా వాట్సాప్ నంబరు. మిగతా నాలుగు పేజీలు: ఈ-వనరులు, ప్రశ్నపత్రాలు, నిబంధనలు, సహాయం. పరిగెత్తే అక్షరాలు, దానంతట అదే తిరిగే బొమ్మలు, ప్రారంభోత్సవం నాటి రిబ్బన్ కత్తిరింపు ఫొటోలు మొదటి పేజీలో వద్దు. పెట్టమని పైనుంచి ఒత్తిడి వస్తుంది. "గ్యాలరీ" అని వేరే పేజీ పెట్టి అందులో వేయండి, అందరూ సంతోషిస్తారు.

ఈ-వనరుల పేజీలో 60 లింకులు వరసగా పేర్చకండి. సబ్జెక్టుల వారీగా విడదీసి, ఒక్కోదాని పక్కన మూడు ముక్కలు రాయండి: ఏముంది, లాగిన్ కావాలా, ఫోన్‌లో తెరుచుకుంటుందా. ఉదాహరణకు: "శోధ్‌గంగ. పీహెచ్‌డీ గ్రంథాలు. లాగిన్ అక్కర్లేదు. ఒక్కో అధ్యాయం విడి పీడీఎఫ్."

లింకు తీసుకునేటప్పుడు జరిగే తప్పు: లాగిన్ అయ్యి, వ్యాసం తెరిచి, పైన ఉన్న చిరునామాను యథాతథంగా అతికించడం. అందులో మీ సెషన్ నంబరు ఉంటుంది, గంటలో చచ్చిపోతుంది. వ్యాసానికి డీఓఐ (ఎప్పటికీ మారని గుర్తింపు నంబరు) ఉంటే ఆ లింకు ఇవ్వండి, లేకపోతే "షేర్" బటన్ ఇచ్చే శాశ్వత లింకు తీసుకోండి. తర్వాత ఇన్‌కాగ్నిటో కిటికీలో తెరిచి చూడండి.

గూగుల్ సైట్స్‌లో రెండు చోట్ల పొరపడతారు. పబ్లిష్ చేసేటప్పుడు "ఎవరు చూడవచ్చు" అన్నచోట "పబ్లిక్" ఎంచుకోవాలి. కాలేజీ వర్క్‌స్పేస్ ఖాతాతో చేస్తే అది "మా సంస్థవాళ్లే" అని ఉండిపోవచ్చు. మీకు కనిపిస్తుంది, బయటివాళ్లకు లాగిన్ అడుగుతుంది. రెండోది, పేజీలో పెట్టిన డ్రైవ్ ఫైళ్ల అనుమతి విడిగా ఉంటుంది. ఫోల్డర్‌ను "లింకు ఉన్న ఎవరైనా, వ్యూయర్" అని పెట్టండి. పొరపాటున "ఎడిటర్" పెట్టారో, ప్రశ్నపత్రాలు ఒక్కొక్కటే మాయమవుతాయి. ఇంకో ఇద్దరిని సైట్ ఎడిటర్లుగా చేర్చడం మరవకండి.

ఫొటోలు: ఫోన్ కెమెరా నుంచి వచ్చిన 4 ఎంబీ బొమ్మను అలాగే ఎక్కించకండి. వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గిస్తే 200 కేబీలోపు వస్తుంది.

6. తెలుగు సరిగ్గా కనిపించాలంటే

అను ఫాంట్లలో టైపు చేసిన నోటీసును కాపీ చేసి సైట్‌లో అతికిస్తే ఇంగ్లిష్ అక్షరాల గందరగోళం వస్తుంది, ఎందుకంటే అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే అక్షర పద్ధతి) కాదు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే పరికరాలు నెట్‌లో ఉన్నాయి. మార్చాక వత్తులు, సున్నాలు, అంకెలు ఒకసారి కళ్లతో చదవాలి. అనులో చేసిన పీడీఎఫ్ చూడటానికి బాగానే ఉంటుంది కానీ అందులోని మాటలు గూగుల్‌కు దొరకవు. కొత్తవి మొదటి నుంచీ యూనికోడ్‌లోనే టైపు చేయండి. గూగుల్ ఫాంట్స్‌లో నోటో సాన్స్ తెలుగు, మండలి, ఎన్‌టీఆర్ లాంటివి ఉచితం. పాఠానికి నోటో మంచిది, చిన్న ఫోన్లలోనూ వత్తులు కలిసిపోవు.

ఎక్సెల్ నుంచి సీఎస్‌వీగా (వేరే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడానికి వాడే సాదా ఫైలుగా) భద్రపరిచేటప్పుడు "సీఎస్‌వీ యూటీఎఫ్-8" ఎంచుకోండి. మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది. ఆ ఫైలును తర్వాత ఎంత బాగుచేద్దామన్నా కుదరదు, అక్షరాలు నిజంగానే పోయాయి. అసలు ఎక్సెల్ ఫైలు ఎప్పుడూ విడిగా ఉంచుకోండి.

7. కేటలాగ్‌ను బయటికి తేవడం

కోహా (లైబ్రరీ నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్) ఉంటే ఓపాక్ (పాఠకులు పుస్తకాలు వెతికే పేజీ) కూడా ఉంటుంది. సైట్‌లో దాని లింకు 192.168తో మొదలైతే అది కాలేజీ గోడ దాటదు. ఇక్కడ మూడు దారులు: చిన్న క్లౌడ్ సర్వర్ అద్దెకు తీసుకుని కోహాను అక్కడికి మార్చడం (4 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది), స్టాటిక్ ఐపీ ఉంటే రౌటర్‌లో ఓపాక్ పోర్టును (దాని తలుపు నంబరును) మాత్రమే బయటికి తెరవడం, లేదా రౌటర్‌లో పోర్టు తెరవకుండానే బయటికి దారి ఇచ్చే క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ లాంటిది పెట్టడం. రెండో దారిలో సిబ్బంది వాడే పోర్టును, మామూలుగా అది 8080, ఎట్టి పరిస్థితిలోనూ తెరవకండి. ఆ తలుపు తెరిస్తే జరిమానాల దగ్గర్నుంచి సభ్యుల ఫోన్ నంబర్ల దాకా అన్నీ వీధిన పడ్డట్టే.

తెలుగు పుస్తకాలు కోహాలో వెతికితే దొరకడం లేదంటే కారణాలు సాధారణంగా రెండు. ఒకటి, జీబ్రా ఇండెక్స్ (కోహా వెతకడానికి వాడే సూచిక) ఐసీయూ (యూనికోడ్ లిపులను సరిగ్గా గుర్తించే) పద్ధతిలో లేకపోవడం. ఇన్‌స్టాల్ చేసినవాళ్లతో దాన్ని మార్పించి, మొత్తం ఇండెక్స్ మళ్లీ కట్టించాలి. రెండోది, పేర్లలోనే తేడాలు. "చరిత్రము" అని ఎక్కించిన పుస్తకం "చరిత్ర" అని వెతికినవాళ్లకు దొరకకపోవచ్చు. "షేక్‌స్పియర్", "షేక్స్పియర్" మనకు ఒకే మాట. కంప్యూటర్‌కు కాదు, మొదటిదాంట్లో కంటికి కనిపించని ఒక అక్షరం ఉంది. ఇలాంటి వాటికి కేటలాగ్ రికార్డులో (మార్క్) పేరుకు వేరే రూపాలు రాసే 246 ఫీల్డులో రెండో రూపం కూడా ఇవ్వండి. విద్యార్థులు ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే వెతుకుతారు కాబట్టి అసలు పేరు రాసే 245లో రోమన్ లిపి, దానికి ముడిపెట్టిన 880లో తెలుగు లిపి ఇవ్వడం ప్రామాణిక పద్ధతి. ఇప్పటికే తెలుగులోనే వేల పుస్తకాలు ఎక్కించి ఉంటే వాటినిప్పుడు తిరగరాయొద్దు, 246లో రోమన్ పేరు చేర్చుకుంటూ పోండి. ముందు సిలబస్ పుస్తకాలు, మిగతావి తీరికగా.

కోహా రోజూ బ్యాకప్ తీస్తుంది, అది అదే కంప్యూటర్‌లో ఉంటుంది. హార్డ్‌డిస్క్ పోతే రెండూ పోతాయి. వారానికోసారి పెన్‌డ్రైవ్‌కో, డ్రైవ్‌కో కాపీ చేయండి. ఆరు నెలలకోసారి వేరే కంప్యూటర్‌లో దాన్ని తిరిగి ఎక్కించి చూడండి. అలా ఎక్కించి చూడని బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోకండి.

8. పాత ప్రశ్నపత్రాలు

సైట్‌లో అందరికంటే ఎక్కువమంది చూసే పేజీ ఇదే అవుతుంది, బాధపడకండి. దీనికోసం వచ్చినవాళ్లే మిగతావీ చూస్తారు.

300 డీపీఐ, గ్రేస్కేల్‌లో స్కాన్ చేయండి. నాలుగు పేజీల పత్రం 2 ఎంబీ మించకూడదు. మించితే కుదించండి. స్కాన్ చేసేముందు కాగితం మీద హాల్‌టికెట్ నంబరు, ఎవరైనా పెట్టిన టిక్కులు ఉన్నాయేమో చూడండి. ఫైలు పేరు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెల్లోనే, ఖాళీలు లేకుండా: సంవత్సరం, నెల, సెమిస్టర్, సబ్జెక్టు కోడ్, మధ్యలో అడ్డగీతలు. ఫైలు పేరు తెలుగులో పెడితే సొంత సర్వర్ లేదా వర్డ్‌ప్రెస్ లింకు వాట్సాప్‌లో శాతం గుర్తుల పొడవాటి తోకగా మారి, మధ్యలో తెగిపోతుంది. "స్కాన్001" లాంటి పేర్లు అసలొద్దు.

అధ్యాపకులు పాఠ్యపుస్తకం మొత్తం స్కాన్ చేసి "పెట్టండి" అంటారు. పెట్టకండి. మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి. అంటే 2026లో, 1965 చివరికల్లా మరణించిన రచయితల రచనలే స్వేచ్ఛగా పెట్టవచ్చు. గురజాడ, కందుకూరి మూల రచనలు సరే. కానీ కొత్త ముద్రణలోని ముందుమాట, వ్యాఖ్యానం, అనువాదం విడి హక్కుల కిందికి వస్తాయి. అధ్యాపకులు తాము రాసిన నోట్సు ఇస్తే మాత్రం వాళ్ల అనుమతి ఈమెయిల్‌లో తీసుకుని పెట్టండి.

విద్యార్థుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న బకాయిల జాబితా సైట్‌లో వేయకండి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది. అది లేకపోయినా ఆడపిల్లల నంబర్లు నెట్‌లో పెట్టడం తప్పే.

9. వాడకం లెక్కలు

ఎన్-లిస్ట్ అడ్మిన్ పేజీలో నెలవారీ వాడకం కనిపిస్తుంది. ప్రతి నెల 5వ తేదీలోపు దింపి, తేదీ కనిపించే స్క్రీన్‌షాట్‌తో సహా ఫోల్డర్‌లో వేయండి. కాలేజీలను మదింపు చేసే న్యాక్ వాళ్లు అడిగినప్పుడు ఐదేళ్లవి ఒక్కసారిగా వెతుక్కోవడం నరకం.

కొన్న వనరులకు ప్రచురణ సంస్థ కౌంటర్ (వాడకం లెక్కలకు అంతర్జాతీయ ప్రమాణం) నివేదిక ఇస్తుంది. అందులో "ఇన్వెస్టిగేషన్స్" అంటే సారాంశం చూసినవీ కలిపి, "రిక్వెస్ట్స్" అంటే పూర్తి వ్యాసం తెరిచినవి. ఏజెంటు మీకు మొదటి అంకె చూపిస్తాడు, ఎందుకంటే అది పెద్దది. మీరు రెండోది చూడండి. కట్టిన సొమ్మును దానితో భాగించండి. ఏడాదికి 24,000 కట్టి 60 వ్యాసాలు తెరిస్తే ఒక్కోటి 400 రూపాయలు పడినట్టు. ఆపేయడమా, ముందు విద్యార్థులకు నేర్పడమా అన్నది అప్పుడు తేల్చుకోవచ్చు. మొదటి ఏడాది అంకె తక్కువైతే నేర్పడమే సరి. రెండో ఏడాదీ అలాగే ఉంటే ఆపేయండి.

తరచూ ఎదురయ్యేవి, కారణాలు

- కాలేజీలో తెరుచుకుంటుంది, ఇంట్లో తెరుచుకోదు: ఐపీ మీద నడిచేది. ఇన్‌ఫెడ్ లాగిన్ లింకు ఇవ్వాలి.
- ఇంట్లో తెరుచుకుంటుంది, కాలేజీలో తెరుచుకోదు: కాలేజీ ఫైర్‌వాల్ ఆపుతోంది. ఆ సైట్ డొమైన్‌ను అనుమతించమనాలి.
- నిన్నటిదాకా తెరుచుకుంది, ఈరోజు కాలేజీ మొత్తానికీ లేదు: గడువు ముగిసింది, ఐపీ మారింది, లేదా మితిమీరి దింపినందుకు ఆపేశారు. ఈ వరసలోనే చూడండి.
- వ్యాసం దగ్గర ధర అడుగుతోంది: లాగిన్ కాకుండా గూగుల్ నుంచి నేరుగా వచ్చారు. లేదా ఆ సంవత్సరం సంచిక మన చందాలో లేదు.
- "ఈ సైట్ సురక్షితం కాదు" అని వస్తోంది: ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ గడువు ముగిసింది. ఉచితంగా వచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ 90 రోజులదే, దానంతట అది రెన్యూ అయ్యేలా పెట్టారో లేదో అడగండి.
- గూగుల్‌లో కాలేజీ పేరు కింద పరాయి ప్రకటనలు వస్తున్నాయి: సైట్‌లోకి ఎవరో చొరబడ్డారు. పాస్‌వర్డ్‌లన్నీ మార్చి, పాత బ్యాకప్ నుంచి తిరిగి కట్టాలి. కనిపించిన లింకులు మాత్రమే తుడిచేస్తే మళ్లీ వస్తాయి.

సరిగ్గా ఉందో లేదో చూసేదిలా

నెలకోసారి, గంటసేపు. ఫోన్‌లో వైఫై ఆపండి, ఇన్‌కాగ్నిటో తెరవండి. మొదటి పేజీ ఐదు సెకన్లలో వచ్చిందా? ఈ-వనరుల్లో ప్రతి లింకూ నొక్కండి, చచ్చినవాటిని అప్పుడే తీసేయండి. ఒక విద్యార్థి ఖాతాతో లాగిన్ అయి ఒక పూర్తి వ్యాసం పీడీఎఫ్ దింపండి, సారాంశం కనిపిస్తే చాలదు. ఓపాక్‌లో ఒక తెలుగు పుస్తకాన్ని తెలుగులోనూ, ఇంగ్లిష్ అక్షరాల్లోనూ వెతకండి. గూగుల్‌లో మీ డొమైన్‌ను సైట్ కోలన్ పద్ధతిలో (ముందు site: అని చేర్చి) వెతికి, పక్కన "కేసినో" అని ఇంగ్లిష్‌లో చేర్చి చూడండి, ఫలితాలేమీ రాకూడదు. తర్వాత రిజిస్టర్ తెరిచి ఆఖరి వరసలో ఈరోజు తేదీ వేయండి.

మూడు నెలలకోసారి లైబ్రరీకి వచ్చిన ఏ విద్యార్థి చేతికైనా వాళ్ల ఫోన్‌లోనే మీ సైట్ తెరిపించి, "నిరుడు నవంబర్ మూడో సెమిస్టర్ పేపరు దింపు" అనండి. పక్కన నిలబడి చూడండి, నోరు విప్పకండి. వాళ్ల వేలు ఎక్కడ ఆగిందో అక్కడ మీ పేజీ మార్చాలి.